వాగులో చెయ్యెత్తినప్పుడు

వెడ్‌లీ,
జనవరి 14, 1996

రొవీనాకి,

క్రిస్మస్‌కి నువ్వు పంపిన ఉన్ని టోపీ టాంసిన్‌కి బాగా నచ్చింది. భోజనాల బల్ల దగ్గర కూడా తీయనంటోంది. నాకు పంపిన చేతి తొడుగులు కూడా బావున్నాయి. కాకపోతే ఒక సైజు చిన్నవి.

ఇక అసలు సంగతి. ఈ ఏడాది మా ఆరో తరగతి పిల్లల్ని మే నెలలో ఐదు రోజులు కొండల్లోకి తీసుకెళ్లాలని హెడ్‌మాస్టర్ పార్జిటర్ గారు నిర్ణయించారు. ఏర్పాట్లన్నీ డిప్యూటీ హెడ్‌నని నా నెత్తిన పెట్టారు. "మీరైతే అన్నిటికీ ముందే భయపడి పెడతారు మార్జరీ, అందుకే మీకిస్తున్నాను" అన్నారు. పొగిడారో తిట్టారో నేనింకా తేల్చుకోలేదు. మా కౌన్సిల్‌కి ఉన్న కొండ శిబిరం మీ హవోద్ లాస్ ఒక్కటే. అక్కడ పెద్ద శిక్షకురాలివి నువ్వే. కాబట్టి నేను కోరి నీ దగ్గరికి రావడం లేదని ముందే చెబుతున్నాను.

శిబిరాలకి లైసెన్సు ఉండాలని కొత్త చట్టం వచ్చింది కదా. స్కూళ్లు కూడా ప్రతిదీ ముందే ఆలోచించి కాగితం మీద పెట్టాలి. అందుకని అడుగుతున్నాను. వాగులో నీళ్లు ఎంత లోతు? పిల్లల వెంట దిగే పెద్దవాళ్లలో ప్రథమ చికిత్స తెలిసినవాళ్లెవరు? ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది? దారిలో గొర్రెలు అడ్డం పడితే ఎంతసేపు? కర్టిస్ అనే పిల్లాడికి ఉబ్బసం ఉంది, వాడి ఇన్‌హేలర్ వాగులో ఎవరి జేబులో ఉంటుంది? గుర్‌ప్రీత్ మాంసం తినదు, మీ వంటావిడ కూరగాయల సూప్‌లో ఎముకల రసం పోస్తుందా? మంటలు రేగితే మేడ మీది పిల్లలు ఏ మెట్ల మీదుగా దిగాలి? వాగులో నీళ్లు ఎంత లోతని ఇందాకే అడిగాననుకుంటాను. మళ్లీ అడుగుతున్నాను.

టాంసిన్ కూడా ఈ ఏడు ఆరో తరగతే. సంగతి విన్నప్పటి నుంచి ఇల్లు పీకి పందిరేస్తోంది. క్రిస్మస్‌కి నీకు మూడు పేజీల ఉత్తరం రాసిందట. నాకొక కార్డు ఇచ్చింది. పైన ‘అమ్మకి’ అనుంది, కింద తన పేరుంది, మధ్యలో కార్డు కంపెనీవాళ్లు అచ్చేసింది ఉంది. మొన్న వెళ్లి జుట్టు కూడా నీలాగే కత్తిరించుకొచ్చింది. బావుందన్నాను. అద్దంలో చూసుకుంటూ "పిన్నిలా ఉన్నానా అమ్మా?" అని అడిగింది. నేనేం చెప్పానో నువ్వే ఊహించుకో.

నీ అక్క,
మార్జరీ

తా.క. మీ బావ డెస్మండ్ నిన్ను అడిగానని చెప్పమన్నాడు. పెరట్లో లీక్ ఉల్లి మొక్కలతో మాట్లాడుతున్నాడు. నాతో కంటే వాటితోనే ఎక్కువ.

*

హవోద్ లాస్,
జనవరి 23

మార్జీ అక్కా,

నీ ఉత్తరం మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను, కోప్పడకు. గొర్రెలు అడ్డం పడితే ఎంతసేపన్న ప్రశ్నని మా వంటావిడ ఎలీనెడ్ బోర్డు మీద రాసి పెట్టింది. జవాబు: గొర్రెలని బట్టి. ఇన్‌హేలర్ నా జేబులో ఉంటుంది, ఇంకోటి గట్టు మీద సంచిలో ఉంటుంది. ప్రథమ చికిత్స మాకందరికీ వచ్చు, ఎలీనెడ్‌తో సహా. సూప్‌లో ఎముకలు వేయదట, "ఆ పిల్లకి వేరే గిన్నె పెడతాను, మీ అక్కని నిద్రపొమ్మను" అంది. మంటల మెట్ల బొమ్మ గీసి ఇందులో పెడుతున్నాను.

ఇక వాగు. మామూలు రోజున మోకాళ్ల దాకా ఉంటుంది, గుండం దగ్గర టాంసిన్‌కి నడుము దాకా. కానీ లోతు అడిగి ఏం లాభం అక్కా? ఇక్కడ మా నెత్తిన ఎండ కాస్తుంటే కొండ వెనక వాన దంచుతూ ఉంటుంది. ఆ నీళ్లు మా దాకా వచ్చేసరికి ముదురు టీ రంగులో, కొమ్మలూ రెమ్మలూ ఈడ్చుకుంటూ వస్తాయి. అందుకే వాగులోకి దిగే ముందు లోయ పై కొసన గొర్రెలు పెంచే ఈవాన్‌కి ఫోన్ చేస్తాను. "పైనెలా ఉంది?" అంటాను. "పొడి" అంటే దిగుతాం. "తడి" అంటే ఆ రోజు పిల్లలకి బండ ఎక్కడం నేర్పుతాం. ఆ ముసలాయన ఆ ఒక్క మాటే అంటాడు, నాకు పెళ్లి సంబంధం చెప్పాలనిపించిన రోజుల్లో తప్ప.

ఇంకో కట్టుబాటు ఉంది, అది నీకు నచ్చుతుంది. నీళ్ల హోరులో విజిల్ వినబడదు. అందుకని ఎవరైనా చెయ్యి నిలువుగా పైకెత్తితే అందరూ గట్టెక్కాలి. ఎత్తింది పిల్లలైనా టీచరైనా సరే. ఎందుకని అడగకూడదు. గట్టెక్కాక కూడా అడగకూడదు, అడుగుతారని తెలిస్తే పిల్లలు ఎత్తడానికి జంకుతారు. ఒకసారి ఒక కుర్రాడు ఉచ్చ వస్తోందని ఎత్తాడు. ఇంకోసారి ఒక పిల్ల కప్పని చూసి ఎత్తింది. అందరం ఎక్కాం, అందరం మళ్లీ దిగాం, ఎవరూ నవ్వలేదు. నేను కాస్త నవ్వాను, అటు తిరిగి.

మార్చిలో ఓ శనివారం వచ్చి నీ కళ్లతో చూసుకో. స్కూళ్లవాళ్లు ముందుగా వచ్చి చూసి వెళ్లడం మాకు అలవాటే. తన జట్టుకి నేనే కావాలని టాంసిన్ రాసింది. సరేనన్నాను. నీకేం అభ్యంతరం లేదుగా?

ముద్దులతో,
రో

*

వెడ్‌లీ,
మార్చి 18

రొవీనాకి,

శనివారం నన్ను బాగా చూసుకున్నావు. ఎలీనెడ్ పోసిన సూప్ ఇంకా నోట్లో ఊరుతోంది. నన్ను చూడగానే "గొర్రెల మేడమ్ మీరేనా?" అంది. నవ్వాను. నవ్వడం నాకూ వచ్చు.

నాకు కనబడినవి చెబుతాను. మేజోళ్లు ఆరబెట్టే గదిలో వాటిని హీటరు మీదే వేస్తున్నారు. అది నిప్పుతో చెలగాటం. రెండంతస్తుల మంచాల్లో కొన్నిటికి పైన కమ్మీలు లేవు. మంటలార్పే సిలిండరు వంటింటి తలుపు పక్కన ఉందని నీ బొమ్మలో గీశావు. ఉంది, కానీ బురద బూట్ల గుట్ట వెనక. మంట రేగితే ముందు బూట్లు తవ్వుకోవాలి.

నీ గదిలో బల్ల మీద టాంసిన్ ఫోటో కూడా చూశాను. పోయిన వేసవిలోది. నువ్వూ అదీ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, ఒకే రకంగా పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. ఆ ఫోటో తీసింది నేను. అందుకే అందులో లేను. అది చూసినవాళ్లు మీరిద్దరూ తల్లీ కూతుళ్లనుకుంటారు. "మీ అమ్మాయా?" అని ఎవరైనా అడిగారా? అడిగితే ఏం చెప్పావు?

టాంసిన్ నీ జట్టులో ఉండటానికి వీల్లేదు. శిక్షకులకి చుట్టాలైన పిల్లల్ని వాళ్ల జట్టులో వేయకూడదని నియమం ఉంది. ఎక్కడుందని అడుగుతావు. మా స్కూలు ప్రణాళికలో, నాలుగో పేజీలో. నిన్న నేనే రాశాను.

నీ అక్క,
మార్జరీ

*

హవోద్ లాస్,
మార్చి 24

మార్జరీ,

మంచాలకి కమ్మీలు బిగించారు. సిలిండరు బూట్ల ముందుకొచ్చింది. మేజోళ్లు తాడెక్కాయి. ఇన్నేళ్లుగా ఇక్కడుండి నేను చూడనివి నువ్వు ఒక్క పూటలో చూశావు. అందుకు నిజంగానే కృతజ్ఞతలు.

నాలుగో పేజీ మాత్రం ఒప్పుకోను. అది భద్రత కాదు, కుళ్లు. నీ కూతురు నన్ను చూసి నవ్వితే నీకు కడుపులో మండుతుంది. ఆ మంటకి నియమం అని పేరుపెట్టి, టైపు చేయించి, హెడ్‌మాస్టర్ చేత సంతకం పెట్టించుకున్నావు. పదేళ్ల పిల్ల చుట్టూ నువ్వు కట్టే కంచెకి ఇంక గేటు కూడా ఉండదేమో. పోయిన ఏడు సైకిల్ మాన్పించావు. ఈత పోటీలకి జలుబని పంపలేదు. అది నాకు మూడు పేజీలు రాస్తోందంటే, నీకు చెప్పుకోలేకనే రాస్తోంది.

నీకెప్పుడూ ఇంతే. ఆదివారాలు నాన్న నన్ను తీసుకుని కొండకి బయల్దేరుతుంటే నువ్వు గుమ్మంలో మూతి ముడుచుకుని నిలబడేదానివి. రమ్మంటే రావు, మేం వెళ్తే ఓర్చుకోలేవు. నీకు బురదంటే భయం, తడి మేజోళ్లంటే భయం. నీకు అక్కర్లేనిది నేను తీసుకున్నా నీ సొమ్ము దొంగిలించినట్టు చూసేదానివి. మొన్న శనివారం నా బల్ల ముందు నిలబడి అదే చూపు చూశావు.

ఫోటో గురించి అడిగావు. అవును, ఒకరిద్దరు "మీ అమ్మాయా?" అన్నారు. "మా అక్క కూతురు" అన్నాను. అలా చెప్పిన ప్రతిసారీ కాస్త కష్టంగానే ఉంది. కావాలంటే అది కూడా నీ ప్రణాళికలో రాసుకో.

రొవీనా

*

వెడ్‌లీ,
మార్చి 31

రొవీనాకి,

కుళ్లన్నావు. ఆ మాట వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు నేనూ అనుకున్నదే. నీ చేతిరాతలో చూస్తే మాత్రం చెంపదెబ్బలా తగిలింది.

కానీ ‘రమ్మంటే రావు’ అన్నావే, నన్నెవరు రమ్మన్నారు? ఆదివారం పొద్దున్న నాన్న బూట్లు తొడుక్కుంటూ "ఎవరొస్తారు?" అని అడిగేవాడు. అడుగుతూ నీ వైపే చూసేవాడు. అమ్మ మేడ మీద పడుకుని దగ్గుతూ ఉండేది. ఇద్దరం వెళ్తే అమ్మ దగ్గరెవరుంటారు? నువ్వు చిన్నదానివి, నీకా ప్రశ్న రాలేదు. నాన్నకీ రాలేదు, ఎందుకంటే జవాబు గుమ్మంలో నిలబడే ఉండేది. నాక్కూడా కొండ బూట్లు కొన్నాడు. ఒక్కసారి కూడా తడవకుండానే అవి నాకు చిన్నవైపోయాయి. తర్వాత అవి నీకిచ్చారు. "అక్క బూట్లు కొత్తవాటిలాగే ఉన్నాయే!" అని నువ్వు గంతులేశావు. నేను చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు కూడా నేను మూతి ముడుచుకున్నానని నీకనిపించి ఉంటుంది.

ఇంకో సంగతి. నిన్న టాంసిన్ వాళ్ల నాన్నతో అంటుంటే విన్నాను. "సెప్టెంబరు నుంచి పిన్ని దగ్గరుండి అక్కడి స్కూల్లో చదువుకుంటా. పిన్ని సరేనంది." డెస్మండ్ "అలాగా, బావుంది" అన్నాడు. లీక్ మొక్కలకి చీడ పట్టినా ఆయన అంతే అంటాడు. రొవీనా, నా పిల్లని నా దగ్గర్నుంచి తీసుకుపోయే ముందు నాతో ఒక్క ముక్క చెప్పాలనిపించలేదా నీకు?

నాలుగో పేజీ తీసేశాను. టాంసిన్ నీ జట్టులోనే ఉండనీ. ఇక్కడ నన్ను బతకనివ్వడం లేదు. కానీ ఆ రోజు వాగులోకి మీతోపాటు నేనూ దిగుతున్నాను, టీచర్‌గా. ఎవరి మంట కోసమో కాదు, ప్రణాళికలో ఒక టీచర్ ఉండి తీరాలి.

మార్జరీ

*

హవోద్ లాస్,
ఏప్రిల్ 9

అక్కా,

బూట్ల సంగతి నాకు తెలీదు. నిజంగా తెలీదు.

టాంసిన్‌ని ఇక్కడ ఉండిపొమ్మని నేను అనలేదు. వేసవి సెలవుల్లో ఓ వారం రమ్మన్నాను, అదీ మీ అమ్మనడిగి రమ్మన్నాను. మిగతాదంతా అది అల్లుకుంది. కానీ నీ ఉత్తరంలో అది చదివినప్పుడు నాకు కోపం రాలేదు, సంతోషమేసింది. నీతో అబద్ధమాడి ఏం లాభం? నా దగ్గరికి ఏడాది పొడవునా పిల్లలు వస్తూనే ఉంటారు. సోమవారం నా పేరు నేర్చుకుంటారు, శుక్రవారం బస్సెక్కి వెళ్లిపోతారు. నీ పిల్ల ఏ రోజు సాయంత్రమైనా నీ ఇంటికే వస్తుంది. నీకు నా మీద కుళ్లుంటే, నాకు నీ మీద లేదనుకున్నావా?

మా లైసెన్సు కోసం జూన్‌లో తనిఖీకి వస్తున్నారు. ఈలోపు ఏదైనా తేడా జరిగితే శిబిరం మూతపడొచ్చు. అందరికంటే ముందు పోయేది నా ఉద్యోగం. కాబట్టి నువ్వెంత భయపడుతున్నావో నేనూ అంతే భయపడుతున్నాను, పైకి కనబడనివ్వను, అంతే తేడా. పిల్లలతో పాత బూట్లు రెండేసి జతలు పంపించు. నువ్వూ తెచ్చుకో. తడుస్తాయి.

రో

*

హవోద్ లాస్,
మే 19

అక్కా,

మీరంతా క్షేమంగా చేరారని పార్జిటర్ గారు ఫోన్ చేశారు. జరిగింది రాసివ్వమంటే మొన్ననే కౌన్సిల్‌కి రాసి పంపాను. రేపో మాపో నిన్నూ అడుగుతారు. నేనేం రాశానో నీకు తెలియాలి కదా.

బుధవారం పొద్దున్న నేను ఈవాన్‌కి ఫోన్ చేయలేదు. అది నా మొదటి వాక్యం. ఎండ బాగా కాస్తోంది. టాంసిన్ నా చెయ్యి పట్టుకుని "పిన్నీ రా, అందరికంటే ముందు మనమే దిగాలి" అని గుంజుతోంది. రిసీవర్ చేతిలోకి తీసుకున్నదాన్ని మళ్లీ పెట్టేశాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ చేయని పని. నువ్వు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నావు. నీ కళ్లముందు నీ పిల్ల నన్నలా గుంజుతుంటే నాకు ఎంత గర్వంగా ఉందో. ఈ ముక్క కౌన్సిల్‌కి రాయలేదు, నీకు రాస్తున్నాను.

తర్వాత ఇలా రాశాను. "పిల్లలు గుండం దాటి పైకి నడుస్తుండగా డిప్యూటీ హెడ్ మార్జరీ హాలమ్ గారు నీటి రంగు మారడం గమనించి చెయ్యి ఎత్తారు. పిల్లలందర్నీ వెంటనే గట్టెక్కించాం. కాసేపటికే వాగు పొంగింది." కాసేపు అని రాశాను గానీ, చివర ఎక్కిన గుర్‌ప్రీత్ హెల్మెట్ పట్టీ కూడా విప్పుకోలేదప్పటికి. మనం కాళ్లు పెట్టిన రాళ్లు ఒక్కటీ కనబడలేదు. ఒక చెట్టు మొద్దు గుండంలో గిరగిరా తిరుగుతుంటే కర్టిస్ "భలే!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నువ్వు బురదలో కూలబడ్డావు. నీకు గుర్తుందో లేదో, టాంసిన్ వచ్చి నీ పక్కన కూచుంది, నా పక్కన కాదు.

విచారణ తేలేదాకా నన్ను పిల్లలతో బయటికి పోనివ్వరు. ఎలీనెడ్‌కి వంటింట్లో సాయం చేస్తున్నాను. ఉల్లిపాయలు నేనే తరుగుతానంటున్నాను. అప్పుడు కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయని ఎవరూ అడగరు. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలీదు. పోతే ఏం చేయాలో అస్సలు తెలీదు. నాకు వచ్చింది ఇదొక్కటే.

రో

*

వెడ్‌లీ,
మే 26

రొవీనాకి,

శుక్రవారం స్కూల్లో నాకు సన్మానం చేశారు. పార్జిటర్ గారు కేకు తెప్పించారు. "మార్జరీ గారి కళ్లకి మనమంతా ఋణపడి ఉన్నాం" అన్నారు. కర్టిస్ వాళ్లమ్మ నన్ను వాటేసుకుని ఏడ్చింది. ఊరి పేపరు నుంచి ఒకమ్మాయి వచ్చి "ముందుగా మీకేం కనబడింది?" అని అడిగింది. "నీటి రంగు" అన్నాను. నువ్వు రాసిన మాటే అప్పజెప్పాను. టాంసిన్ పక్కనే ఉంది. నా వైపు చూసింది రొవీనా, నిన్ను చూస్తుందే, అలాగ. ఆ చూపు కోసం ఇంకో పది అబద్ధాలైనా ఆడేదాన్ని.

నేను నీళ్లని చూడలేదు. నిన్ను చూస్తున్నాను. గుండం దాటాక టాంసిన్ కాలు జారింది, నువ్వు పట్టుకున్నావు. అది నీ మెడ చుట్టూ చేతులేసి నవ్వింది. అలాంటి నవ్వు మా ఇంట్లో విని ఎన్నాళ్లయిందో. నేను దాని వెనకే, మీకు ఎగువన మీ వైపు తిరిగి ఉన్నాను, అంత దగ్గరగా. అది నా వైపు తిరిగి కూడా చూడలేదు. ఆ నవ్వు ఆగిపోవాలనుకున్నాను. ఇంకేం అనుకోలేదు. చెయ్యి లేచింది. మీరంతా గట్టెక్కుతుంటే నాకు సిగ్గేసింది, ‘ఇప్పుడు అందరికీ తెలిసిపోతుంది’ అనుకున్నాను. అంతలో వాగు పొంగొచ్చే ఆ చప్పుడు వినబడింది.

కేకు తిన్నాను. రెండు ముక్కలు తిన్నాను. ఇప్పుడు కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది, వచ్చే నెల వాళ్ల ముందుకొచ్చి చెప్పమని. నిజం చెబితే టాంసిన్ దృష్టిలో నేనేమవుతాను? చెప్పకపోతే నేను కళ్లున్న అక్కని, నువ్వు కళ్లులేని చెల్లెలివి, నీ ఉద్యోగం పోతుంది. చిన్నప్పటి నుంచి నేను కోరుకున్నది ఇలాంటి రోజునే. తీరా వచ్చాక మింగుడుపడటం లేదు.

ఏదో ఒకటి రాయి. తిట్టినా సరే.

మార్జరీ

*

హవోద్ లాస్,
జూన్ 1

అక్కా,

నాకు తెలుసు.

నువ్వు ఎగువకి వీపు పెట్టి నిలబడ్డావు. వీపుతో నీళ్లని ఎవరూ చూడరు. నీ ముఖం నాకు ఎదురుగా ఉంది. చిన్నప్పుడు గుమ్మంలో చూసిన ముఖమే. చెయ్యి లేవగానే ‘ఇదుగో, మొదలెట్టింది’ అనుకున్నాను. ఒళ్లు మండింది. "ఏమొచ్చింది నీకిప్పుడు?" అని అరవబోయాను. నోరు కూడా తెరిచాను. టాంసిన్ అప్పటికే "అబ్బా, ఎందుకమ్మా!" అని మూలుగుతోంది.

కానీ చెయ్యి పైనుంది. ఉచ్చ వచ్చిన కుర్రాడి కోసం గట్టెక్కాం. కప్పని చూసిన పిల్ల కోసం ఎక్కాం. కుళ్లు వచ్చిన అక్క కోసం ఎక్కనంటే ఎలా? నోరు మూసుకుని పిల్లల్ని తోలాను. ఎందుకని ఒక్క మాట అడిగి ఉంటే, మన సంగతి నీకు తెలుసుగా, అది ఒక్క మాటతో ఆగేది కాదు. ఇద్దరం నడివాగులో నిలబడి నాన్న దగ్గర్నుంచి మొదలెట్టేవాళ్లం. పిల్లలు మన చుట్టూ నిలబడి వింటూ ఉండేవాళ్లు. ఆ చెట్టు మొద్దు అప్పుడు మన మధ్యకే వచ్చేది.

నువ్వు నీళ్లని చూశావని ఎందుకు రాశానంటావేమో. ఎలాగూ తప్పు నాది, ఫోన్ చేయనిది నేను. ఆ రోజు ఎవరికో ఒకరికి మంచిపేరు రావాలంటే అది నీకే రానీ అనుకున్నాను. నాన్న దగ్గర అదంతా నాకే వచ్చింది. నీకు తడవని బూట్లు మిగిలాయి.

వాళ్లకి నీకు తోచింది చెప్పు. నువ్వేం చెప్పినా ఎందుకలా చెప్పావని నేను అడగను.

రో

*

వెడ్‌లీ,
జూలై 14

రో,

నిర్ణయం నీకూ అందే ఉంటుంది. ఫోన్ చేయనందుకు నీకు హెచ్చరిక, సెప్టెంబరు దాకా వంటిల్లు. ఉద్యోగం ఉంది. శిబిరానికి లైసెన్సు వచ్చిందని పార్జిటర్ గారు చెప్పారు. ఆ రోజు విచారణ గదిలో నేనేం చెప్పానో మాత్రం నీకు తెలిసుండదు.

"నేను నీళ్లని చూడలేదు. ఎగువకి వీపు పెట్టి ఉన్నాను. మా చెల్లెలి మీద అసూయతో చెయ్యి ఎత్తాను. అసూయ అని ఆమెకి తెలుసు. తెలిసి కూడా ఒక్క మాట అడక్కుండా పిల్లలందర్నీ గట్టెక్కించింది. నేను అంత పెద్ద ప్రణాళిక రాశాను, కానీ ఆ రోజు పిల్లల్ని కాపాడింది అందులో లేదు" అన్నాను. మాటలన్నీ రాసుకుంటున్న కుర్రాడు తలెత్తి "అసూయ అనే రాయమంటారా అండీ?" అని అడిగాడు. ఉన్నదున్నట్టు రాయమన్నాను. విచారణ అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడకీ ఓ చెల్లెలుందేమో.

పార్జిటర్ గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. కేకు గుర్తొచ్చి ఉంటుంది. టాంసిన్‌కి నేను ముందే చెప్పాను, వాళ్లూ వీళ్లూ చెప్పకముందే. విని గోళ్లు కొరుక్కుంది. తర్వాత "అంటే నేనంటే నీకంత ఇష్టమా?" అని అడిగింది. అవునన్నాను. "కొంచెం తగ్గించుకో అమ్మా, మరీ ఎక్కువైంది" అంది. అని నా ఒళ్లో కాళ్లు చాపుకుని టీవీ పెట్టుకుంది. నేను కదలకుండా కూచున్నాను. కాళ్లు తిమ్మిరెక్కినా కదల్లేదు.

ఇరవయ్యేడో తేదీ శనివారం దాన్ని నీ దగ్గరికి బస్సెక్కిస్తున్నాను. వారం కాదు, రెండు వారాలు ఉంచుకో. సెప్టెంబరుకి మాత్రం నాకు కావాలి. ఈవాన్ "పొడి" అన్న రోజునే దాన్ని వాగులో దింపు. నువ్వు వంటింట్లో ఉన్నావు కాబట్టి వేరే ఎవరైనా దింపుతారేమో, వాళ్లకీ చెప్పు. డెస్మండ్ నీకు లీకులు కట్ట కట్టి పంపుతున్నాడు. అవి కూరగాయల పోటీలో బహుమతి వచ్చినవి, కాబట్టి పొగడకుండా తినకు.

అసూయ పోయిందనుకుని పంపడం లేదు. ఈ ఉత్తరం రాస్తుంటే కూడా కడుపులో అలాగే ఉంది. బస్సు దిగగానే అది పరుగెత్తుకొచ్చి నీ మెడ పట్టుకుని నవ్వుతుంది, నాకు తెలుసు. ఎలా నవ్విందో నాకు రాయి. నేను బాధపడతానని తగ్గించి రాయకు. మండితే మండనీ.

అక్క